మద్యనిషేధం – ముఠాల పద్దు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వక్త స్వయంగా రాసి ఇచ్చినది.)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు కేటాయించారు. "అమెరికా వెళ్ళొచ్చారు గదా, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. మన సంఘంలో అమెరికా వెళ్ళొచ్చినవారు ఇప్పుడు తక్కువేమీ కాదు. కిందటి సభలో ఒకరు నయాగరా జలపాతం చూపించారు, అంతకు ముందు సభలో ఇంకొకరు చూపించారు. మూడోసారి మిమ్మల్ని తడపడం నాకిష్టం లేదు. నేను అక్కడ చూసింది ఒక ఖాళీ జాగా. దాని గురించే చెబుతాను.

మా అమ్మాయి కాపురం చికాగో దగ్గర. ఒక ఆదివారం మా అల్లుడు నన్ను నార్త్ క్లార్క్ స్ట్రీట్ అనే వీధికి తీసుకువెళ్ళాడు. 2122 నంబరు ఉండవలసిన చోట పచ్చగడ్డి, నాలుగు చెట్లు. పక్కనే మనలాంటి వయసు మళ్ళినవాళ్ళు ఉండే ఇళ్ళు. అక్కడ ఒకప్పుడు ఒక గారేజి ఉండేది. 1929 ఫిబ్రవరి 14 ఉదయం, వాళ్ళ ప్రేమికుల పండుగనాడు, ఏడుగురిని గోడవైపు నిలబెట్టి మెషిన్‌గన్లతో కాల్చేశారు. కాల్చినవారిలో ఇద్దరు పోలీసు దుస్తుల్లో వచ్చారు. చనిపోయినవారిలో అయిదుగురు సారా ముఠావాళ్ళు. మిగిలిన ఇద్దరిలో ఒకడు ఆ ముఠా లారీలు బాగుచేసే మెకానిక్, ఇంకొకడు ఆ సావాసం మీద మోజుతో వచ్చి కూర్చునే కళ్ళద్దాల వ్యాపారి. ఈ హత్యలకు ఇప్పటివరకు ఏ కోర్టూ ఎవరికీ శిక్ష వెయ్యలేదు. గారేజిని 1967లో పడగొట్టారు.

ఆ గడ్డి ముందు నిలబడి మా అల్లుడు, "మామయ్యగారూ, ఇదంతా మద్యనిషేధం వల్లేనండీ" అన్నాడు. నాకు చప్పున ఏదో గుచ్చుకుంది. అది ఎందుకో చివర మనవి చేస్తాను.

అమెరికావాళ్ళు నిషేధం పెట్టింది పిచ్చిపట్టి కాదు. ఈ మాట ముందు చెప్పాలి, ఎందుకంటే సినిమాల్లో ఆ కాలాన్ని చూపించేటప్పుడు నిషేధం కోరినవాళ్ళను చాదస్తులుగా చూపిస్తారు. వారంవారం వచ్చే కూలి డబ్బు ఇంటికి రాకముందే సారాకొట్టులో ఆవిరైపోవడం, తాగొచ్చిన మొగుడు పెళ్ళాన్ని కొట్టడం, పిల్లలు పస్తులుండడం అక్కడా ఉన్నవే. 1870ల నుంచి అక్కడి ఆడవాళ్ళు కొట్ల ముందు మోకరించి ప్రార్థనలు చేశారు. వాళ్ళకప్పుడు దేశమంతటా ఓటుహక్కు కూడా లేదు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో చేసింది చూసినవాళ్ళం, మనం వాళ్ళను చూసి నవ్వలేం.

మన శాఖవాళ్ళు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆదాయపు పన్ను రాకముందు అమెరికా కేంద్ర ప్రభుత్వానికి మద్యం మీది పన్ను ఎంతో పెద్ద ఆదాయం. 1913లో రాజ్యాంగ సవరణ చేసి ఆదాయపు పన్ను వేసుకున్నాకనే మద్యం డబ్బు వదులుకునే ధైర్యం వచ్చింది. 1919 జనవరి 16 నాటికి కావలసినన్ని రాష్ట్రాలు సమ్మతించాయి. వోల్‌స్టెడ్ అనే సభ్యుడి పేరుమీద చట్టం వచ్చింది. అధ్యక్షుడు విల్సన్ ఒప్పుకోకపోయినా సభలు నెగ్గించుకున్నాయి. 1920 జనవరి 17 నుంచి అమలు. మన రాష్ట్రంలో సంపూర్ణ నిషేధం అమలైంది కూడా 1995లో జనవరి 16నే. కాకతాళీయమే అనుకోండి, తారీఖులు చూసే అలవాటు ఉన్నవాణ్ణి గనుక చెప్పాను.

ఆ చట్టంలో ఒక విచిత్రం ఉంది. తయారుచెయ్యడం నేరం, అమ్మడం నేరం, రవాణా నేరం. తాగడం మాత్రం నేరం కాదు! అంతకుముందు కొని ఇంట్లో దాచుకున్నది దర్జాగా తాగవచ్చు. ఉన్నవాళ్ళు నేలమాళిగలు నింపుకున్నారు. పైగా మినహాయింపులు. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ ఇస్తారు. మతకార్యాలకు ద్రాక్షసారా ఇస్తారు. పరిశ్రమలకు స్పిరిట్ ఇస్తారు. సిన్సినాటిలో జార్జి రీమస్ అని ఒక లాయరు ఉండేవాడు. అంతకుముందు మందుల షాపు నడిపాడు. చట్టాన్ని అక్షరం అక్షరం చదివాడు. మూతపడ్డ డిస్టిలరీలు కొన్నాడు, మందుల కంపెనీలు పెట్టాడు, పర్మిట్లు తీసుకుని తన సరుకును తన కంపెనీకే పంపాడు, దారిలో తన మనుషుల చేతనే తన లారీలను దోపిడీ చేయించాడు. కాగితం మీద అంతా సవ్యం. ఆడిట్ చేసినవాళ్ళకు తెలుస్తుంది, అంత చక్కగా ఉన్న ఫైలునే ముందు అనుమానించాలి.

ఇక అమలు చెయ్యవలసిన వాళ్ళెవరు? మొదట్లో ఆ బాధ్యత మన సోదర శాఖదే, ట్రెజరీ శాఖదే. అంత ఖండమంత దేశానికి రమారమి 1,500 మంది ఏజెంట్లు. జీతాలు చాలీచాలనివి. వాళ్ళ ఎదురుగా రాత్రికి రాత్రి వాళ్ళ ఏడాది జీతం ఇవ్వగలవాడు నిలబడి ఉంటాడు. మొదటి ఆరేడేళ్ళలో పన్నెండుమందిలో ఒకరిని తప్పుడు పనులకు ఉద్యోగం నుంచి తీసేశారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. మిగతా పదకొండుమంది నిలబడ్డారు గదా అని ఆశ్చర్యపడ్డాను.

ఇప్పుడు చికాగోకు వద్దాం. నిషేధానికి ముందు కూడా అక్కడ రౌడీలున్నారు. జూదగృహాలు, వ్యభిచార గృహాలు నడుపుకునేవాళ్ళు. కానీ వాళ్ళు ఏ పేటకు ఆ పేట రౌడీలు, స్థానిక నాయకుడికి ఎన్నికల్లో పనికొచ్చేవాళ్ళు. నాయకుడు యజమాని, రౌడీ నౌకరు. నిషేధం వచ్చాక ఇది తలకిందులైంది. సారా అంటే జేబులో పెట్టుకుపోయే వస్తువు కాదు గదా. బీరు పీపాలు కాయాలి, గిడ్డంగులు కావాలి, లారీలు కావాలి, డ్రైవర్లు కావాలి, వేల దొంగకొట్లకు రోజూ సరఫరా కావాలి, పోలీసు మొదలు జడ్జి దాకా నెలనెలా ముట్టచెప్పాలి. ఇదంతా ఒక పెద్ద ఆఫీసు పని. ఈ ఆఫీసుకు అన్నీ ఉన్నాయి, కోర్టు ఒక్కటి లేదు. సరుకు తీసుకున్నవాడు డబ్బు ఎగ్గొడితే దావా వెయ్యలేడు. నీ లారీని ఇంకొకడు కొట్టేస్తే ఫిర్యాదు చెయ్యలేడు. కనుక తుపాకీయే ప్లీడరు, తుపాకీయే మునసబు.

ఈ ఆఫీసును కట్టినవాడు జానీ టోరియో. తాగేవాడు కాదు, పొగ తాగేవాడు కాదు, సాయంత్రానికి ఇంటికి వెళ్ళి భార్యతో కలిసి భోజనం చేసేవాడని చెబుతారు. అతని పై యజమాని జిమ్ కొలోసిమోకు పాత వ్యాపారంతోనే తృప్తి. సారాలోకి దిగడానికి ఉత్సాహం చూపలేదు. 1920 మే 11న కొలోసిమోను అతని హోటల్లోనే ఎవరో కాల్చి చంపారు. నిషేధం వచ్చి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. టోరియో నగరాన్ని పంచాడు. ఈ పేట నీది, ఆ పేట వాడిది, బీరు నా దగ్గర కొనండి, ఒకడి హద్దులోకి ఒకడు రావద్దు. న్యూయార్కు నుంచి పిలిపించుకున్న కుర్రాడు ఒకడుండేవాడు అతని కింద. అల్ కపోన్. 1899 జనవరి 17న పుట్టాడు. అంటే నిషేధం అమల్లోకి వచ్చిన రోజున అతనికి సరిగ్గా ఇరవై ఒకటి నిండాయి.

పంపకాలు నాలుగేళ్ళకే చెడ్డాయి. ఉత్తరపు పేటల నాయకుడు డీన్ ఒబానియన్‌కు పూలంగడి ఉండేది. పెద్ద చర్చికి ఎదురుగా. అతను "నేను ఈ వ్యాపారం మానేస్తున్నాను, నా వాటా కొనుక్కో" అని ఒక బ్రూవరీలో వాటాను టోరియోకు అంటగట్టాడు. 1924 మేలో పోలీసులు ఆ బ్రూవరీ మీద దాడిచేసి టోరియోనే పట్టుకున్నారు. దాడి సంగతి అమ్మినవాడికి ముందే తెలుసు! ఆ నవంబరు 10న పూలంగడికి ముగ్గురు వచ్చారు. ఒకడు కరచాలనానికి చెయ్యి చాపి, పట్టుకున్న చెయ్యి వదలలేదు. మిగతావాళ్ళు కాల్చేశారు. రెండు నెలల తరువాత టోరియోను అతని ఇంటి ముందు కాల్చారు. బతికాడు గాని మనసు విరిగి వ్యాపారం కపోన్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. స్వచ్ఛంద పదవీ విరమణ అన్నమాట. ఇరవై ఆరేళ్ళ కుర్రాడి చేతికి నగరం వచ్చింది.

ఆ కాలంలో డీవర్ అనే ఒక మేయరు నిజంగానే చట్టం అమలు చెయ్యాలని చూశాడు. ముఠా ఏం చేసింది? పక్కనే ఉన్న సిసిరో అనే ఊరికి మకాం మార్చింది. 1924 ఏప్రిల్లో ఆ ఊరి ఎన్నికలనాడు పోలింగు దగ్గర తుపాకులతో నిలబడి తమవాళ్ళను గెలిపించుకుంది. హద్దు దాటితే చాలు చట్టం ఆగిపోతుంది. గోదావరి జిల్లాల మిత్రులకు ఈ హద్దు సంగతి ఇప్పటికే గుర్తొచ్చి ఉంటుంది. కొంచెం ఆగండి.

నన్ను అన్నిటికంటే బాధించినది తుపాకుల కథ కాదు. జెన్నా సోదరులని ఉండేవారు. ఇటలీ నుంచి వలసవచ్చిన పేదల పేటలో వాళ్ళ రాజ్యం. వాళ్ళు పెద్ద బట్టీలు పెట్టలేదు. ఇంటింటికీ ఒక చిన్న బట్టీ ఇచ్చారు. వంటింట్లో పెట్టుకుని మంట చూసుకుంటే చాలు, రోజుకు 15 డాలర్లు. కూలికి రెండు మూడు రోజులు ఎముకలు విరుచుకుంటే వచ్చే డబ్బు. తల్లి కాస్తుంది, పిల్లలు మంట చూస్తారు, ముఠావాడు వచ్చి డబ్బాలు పట్టుకుపోతాడు. బట్టీ పేలితే, ఇల్లు కాలితే అది వాళ్ళ ఖర్మ. ఆ పేద ఇళ్ళవాళ్ళు తమను నేరస్థులమనుకుని ఉంటారా? పిల్లలకు చెప్పులు కొన్నామనుకుని ఉంటారు.

ఇక మన వృత్తికి గౌరవం తెచ్చే భాగం. కపోన్ పట్టుబడింది తుపాకీతో కాదు, ఆవర్జాతో. ఎలియట్ నెస్ అనే అధికారి పేరు సినిమాల వల్ల అందరికీ తెలుసు. అతను బ్రూవరీలు పగలగొట్టిన మాట నిజమే. కానీ ఆ సారా కేసు విచారణకే రాలేదు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. సలివన్ అనే సారా వ్యాపారి "నా రాబడి నేరం వల్ల వచ్చింది, దాన్ని రిటర్నులో రాస్తే నా నేరం నేనే ఒప్పుకున్నట్టవుతుంది, కనుక రాయను" అన్నాడు. జస్టిస్ హోమ్స్ కుదరదన్నాడు. దొంగ రాబడి అయినా రాబడే, పన్ను కట్టాలి. ఈ తీర్పు పట్టుకుని ట్రెజరీ శాఖ దర్యాప్తు విభాగం కదిలింది. ఫ్రాంక్ విల్సన్ అనే అధికారి పని మొదలుపెట్టాడు.

కపోన్ పేర బ్యాంకు ఖాతా లేదు, రిటర్ను లేదు. అంతా నగదు. విల్సన్ నెలల తరబడి కాగితాల మధ్య కూర్చున్నాడు. ఒక రాత్రి, పక్కన పడేసిన పాత కట్టల్లో మూడు లెక్కల పుస్తకాలు దొరికాయి. 1926లో సిసిరోలోని ఒక జూదగృహం మీద దాడిలో తెచ్చి, ఎవరూ తెరవకుండా వదిలేసినవి. అందులో రోజువారీ రాబడి, ఖర్చు, వాటాలు, వాటాదారుల పొట్టిపేర్లు. రాసిందెవరు? చేతిరాతను బ్యాంకు కాగితాలతో పోల్చి పోల్చి షంవే అనే గుమాస్తాను పట్టుకున్నారు. ఫ్లోరిడాలో దొరికాడు. కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 1931 అక్టోబరులో విచారణ. జ్యూరీకి లంచాలు ఎరవేస్తున్నారని తెలిసి జడ్జి విల్కర్సన్ విచారణ మొదలయ్యేనాడు జ్యూరీ జాబితానే మార్చేశాడు. 11 ఏళ్ళ జైలు, 50,000 డాలర్ల జరిమానా. పాత రికార్డు చింపకుండా ఉంచమని మన సూపరింటెండెంట్లు ఎందుకు సతాయించేవారో ఇప్పుడు తెలిసిందా మీకు?

1933 డిసెంబరు 5న నిషేధం ఎత్తేశారు. నిషేధం తెమ్మన్న ఆడవాళ్ళ దేశంలోనే, పాలిన్ సాబిన్ అనే ఆవిడ నాయకత్వాన 1929 నుంచి లక్షలాది ఆడవాళ్ళు నిషేధం తీసెయ్యమన్నారు. మా పిల్లలు చట్టమంటే నవ్వుకుంటూ పెరుగుతున్నారని వాళ్ళ బాధ. స్పిరిట్‌లో కలిపిన విషం వల్ల చచ్చినవాళ్ళు, ఒక కల్తీ అల్లం టానిక్కు తాగి 1930లో కాళ్ళు పడిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆర్థిక మాంద్యం వచ్చి ఖజానా ఖాళీ అవడం కూడా ఒక కారణం. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: మొదటి ఏళ్ళలో తాగుడు నిజంగానే బాగా తగ్గింది, కాలేయం చెడి చచ్చేవాళ్ళు తగ్గారు. నిషేధం వల్ల ఒక్క ఇల్లు కూడా నిలబడలేదంటే నేనొప్పుకోను.

సరే, ఎత్తేశారు. ముఠాలు మూతపడ్డాయా? లేదు. లారీలున్నాయి, మనుషులున్నారు, గుమాస్తాలున్నారు, లంచాల దారులున్నాయి. జూదంలోకి, వడ్డీ వ్యాపారంలోకి, కార్మిక సంఘాల్లోకి వెళ్ళారు. చికాగో ముఠా హాలీవుడ్ సినిమా కంపెనీల దగ్గర కూడా సమ్మె బెదిరింపులతో డబ్బు గుంజి 1943లో శిక్షపడింది. మన బొంబాయిలో నిషేధకాలంలో నాటుసారాతో పైకొచ్చిన వరదరాజన్ ముదలియార్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు.

ఇప్పుడు మొదట్లో గుచ్చుకుందన్న సంగతి.

నేను 1995–97లో గోదావరి ఒడ్డున ఒక సబ్ ట్రెజరీలో సీనియర్ అకౌంటెంటును. అంతకుముందు సారా పాటల కిస్తీల చలానాలు నా టేబుల్ మీదుగానే వెళ్ళేవి, 0039 పద్దు కింద. ఆ పద్దు చిక్కిపోవడం కళ్ళారా చూశాను, సంతోషించాను కూడా. మా అక్క సారాకొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్ళలో ఒకతె. మా బావ తాగుడు ఆ ఇంట్లో రెండెకరాలు మింగింది. నిషేధం వచ్చాక ఆయన మానేశాడు. ఆ సంక్రాంతికి మా అక్క కొత్తచీర కట్టుకుని మా ఇంటికి వచ్చింది. పెళ్ళయ్యాక తన డబ్బుతో కొనుక్కున్న మొదటి చీర అని చెప్పింది.

అప్పట్లో ఎదుర్లంక రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు యానాం. అది పుదుచ్చేరి పాలనలోది, మన నిషేధం అక్కడ లేదు. 1996లో మా పై అధికారి పదవీ విరమణ వచ్చింది. సాయంత్రం "పార్టీ" ఉండాలన్నారు కొందరు. చందాలు నా దగ్గర జమ. సరుకు తెచ్చేదెవరు? మా అటెండరు కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు, చురుకైనవాడు, స్కూలు సంచి ఉంది. స్కూలు సంచిని ఎవరు తనిఖీ చేస్తారు? ఆ మాట అన్నది నేనే. ఆరు సీసాలు తెచ్చాడు. చేతిలో 50 రూపాయలు పెట్టాను. ఆ ఖర్చు చందాల పుస్తకంలో "శీతల పానీయములు" అని రాశాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను రాసిన తప్పుడు పద్దు అదొక్కటే.

పిల్లవాడికి దారి తెలిసింది, ధర తెలిసింది. నాలుగు నెలల్లో బడి మానేశాడు. మొదట సంచి, తరువాత పాలక్యాన్లు, తరువాత ఇంకెవరి పడవో. 1997 ఏప్రిల్ 1న నిషేధం సడలించేసరికి వాడికి నాన్న జీతం కంటే ఎక్కువ సంపాదించడం అలవాటై ఉంది. వాడితో పని చేయించుకునేవాళ్ళు ఊరుకోలేదు, మట్కా చీటీలు ఇచ్చారు, తరువాత గంజాయి మూటలు ఇచ్చారు. రెండుసార్లు జైలుకు వెళ్ళాడు. రెండోసారి విడుదలయ్యాక ఇంటికి రాలేదు.

అటెండరు పోయి చాలాకాలమైంది. వాళ్ళావిడ కుటుంబ పెన్షన్ తీసుకుంటోంది. ఆమెకు చదువు రాదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ రోజుల్లో మా ఇంటికి వస్తుంది, ఫారం నేనే నింపుతాను. వేలిముద్ర వేశాక లేచేముందు, "అయ్యగారూ, మీరు నలుగురిలో తిరుగుతారు గదా, మావాడి కబురేమన్నా తెలిసిందా?" అని అడుగుతుంది. వాడికి ఆ సంచి ఇచ్చి పంపింది ఎవరో ఆమెకు తెలియదు. మా అక్కకు కూడా చెప్పలేదు, ఆవిడ వెళ్ళిపోయింది. ఈ ఏడు ఆమె ఇంకా రాలేదు. వచ్చే వారం వస్తానని కబురు చేసింది. ఈసారి ఫారం నింపకముందే చెప్పాలనుకుంటున్నాను.

ఇరవై నిమిషాలు దాటింది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.